పది శాతం లోపు

బరువు చూసే మిషను మీద సునయన మూడోసారి ఎక్కింది. మూడోసారీ అదే అంకె. డెబ్బై కిలోల మూడు వందలు. మిషనుని కాలితో హాల్లోకి జరిపి అక్కడ ఎక్కింది. గది మారినంత మాత్రాన బరువు మారుతుందా, మళ్ళీ అదే.

మొదటి పది రోజుల్లో కిలోన్నర తగ్గింది. ఆ తర్వాత పంతొమ్మిది రోజులుగా అంకె కదలలేదు. ఇంక మిగిలింది పదమూడు రోజులు.

పదమూడో రోజున ఆమెకు స్కాన్ తీస్తారు. కాలేయంలో కొవ్వు పది శాతం లోపుకి దిగితే అందులోంచి కొంత కోసి తమ్ముడు అనిరుధ్‌కి పెడతారు. దిగకపోతే పెట్టరు. మొదటి స్కాన్‌లో పద్దెనిమిది వచ్చింది. "ఇంత కొవ్వుతో మేం ముట్టుకోం. మీకూ ప్రమాదం, ఆయనకూ ప్రమాదం. ఆరు వారాలు చూద్దాం," అన్నాడు డాక్టరు. ఆరు వారాలు దాటితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. ఆస్పత్రి మంచం మీద అనిరుధ్ కళ్ళు పసుపు కొమ్ముల రంగులో ఉన్నాయి. ఇంక వేరే చెప్పక్కర్లేదు. అతని భార్య మైత్రి రక్తం అతనితో కలవలేదు. తోడబుట్టింది సునయన ఒక్కతే.

అందుకే ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో, నీళ్ళ క్యాను ఎత్తాలన్నా వాచ్‌మన్‌ని పిలిచే మనిషి, షోళింగనల్లూరులో తమ అపార్టుమెంటు కిందున్న జిమ్‌లో ఇనుము ఎత్తడం మొదలుపెట్టింది. నేర్పేది జెబ. రాయపురం అమ్మాయి. వాళ్ళ ఇంట్లో నాలుగు తరాలుగా తెలుగే, సగం అరవం కలిపిన తెలుగు. ఒకప్పుడు జిల్లా తరఫున బరువులెత్తే పోటీలకి వెళ్ళిందట. మొదటిరోజే ఒక మాట చెప్పింది. "నడిస్తే మంచిదే అక్కా. ఐతే కొవ్వు పోయి కండ నిలవాలంటే బరువెత్తాల. పూటకి ఇంత పప్పో గుడ్డో చేపో తినాల. పస్తుండేది మట్టుకు వద్దు."

ఆదివారం ఎదురు ఫ్లాటు కలైసెల్వి కూతురికి గాజులు తొడిగే వేడుక. వాళ్ళు వళైకాప్పు అంటారు, మన సీమంతం లాంటిదే. సునయన నెమలికంఠం రంగు పట్టుచీర తీసింది. జాకెట్టు తొడుక్కోబోతే చేతులు మోచేతి పైన పట్టేశాయి. లాగింది. ఊపిరి బిగబట్టి మళ్ళీ లాగింది. ఎక్కింది గానీ కుట్లు ఎక్కడ పిగులుతాయోనన్నట్టు బిగుసుకుని ఉన్నాయి. ఉగాదికి అదే జాకెట్టు వదులుగానే ఉంది.

గుమ్మంలో నిలబడి అత్తగారు జానకీదేవి చూస్తూనే ఉంది.

"జిమ్ముకెళ్తే చిక్కుతారంటారు. నువ్వేంటమ్మా, చేతులు ఒళ్ళు చేశాయి?"

"అదే చూస్తున్నాను అత్తయ్యా."

"నేనేదో ఆడిపోసుకుంటున్నాననుకోకు. నీకూ ఓ పిల్ల ఉంది. దేవుడు వద్దంటున్నాడేమో, అది కూడా ఆలోచించు."

ఆవిడ వెళ్ళిపోయింది. సునయన అద్దం ముందే నిలబడిపోయింది. లావయ్యాను, ఇక స్కాన్‌లో దిగదు, అనుకుంది. ఆ మాట వెనకే ఇంకో మాట వచ్చింది. అయితే నన్ను కొయ్యరు.

గుండెల మీద బరువెవరో తీసేసినట్టయింది. ఒక్క క్షణమే. ఆ క్షణంలో తన మొహం అద్దంలో ఎంత తేటపడిందో తనే చూసింది. ఆ తర్వాత అద్దంకేసి చూడకుండా చీర కట్టుకుంది. చెయ్యి తొందరపడిందేమో, ఈ చీరకి ఎప్పుడూ ఐదు వచ్చే కుచ్చిళ్ళు ఆరొచ్చాయి. విప్పి కట్టే ఓపిక లేక అలాగే వెళ్ళింది.

వళైకాప్పులో ఐదు రకాల అన్నాలు వడ్డించారు. ముద్ద నోట పెట్టలేదు. సోమవారం ఒక్కపొద్దు అంది. మంగళవారం కడుపు బాగాలేదంది. బుధవారం ఏమీ అనలేదు, ఎవరూ అడగలేదు. పల్చటి మజ్జిగ, రెండు గుక్కల కాఫీ, అంతే. అద్దం ముందు హాయిపడ్డ ఆ క్షణానికి ఇదే శిక్ష అనుకుంది. అంకె కూడా దిగుతుందనుకుంది. నిజంగానే దిగింది, ఎనిమిది వందల గ్రాములు. ఇన్నాళ్ళకి దారి దొరికిందనిపించింది.

గురువారం పొద్దున జిమ్‌లో నేల మీదున్న కడ్డీని పట్టుకుని లేచింది. మోకాళ్ళ దాకా వచ్చింది. అక్కడ గోడలు పక్కకి ఒరిగాయి. కడ్డీ చేతుల్లోంచి జారి కాలివేళ్ళకి బెత్తెడు దూరంలో పడింది. ఆ చప్పుడుకి ట్రెడ్‌మిల్ మీదున్న పెద్దాయన నడక ఆపేశాడు.

జెబ ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి తల కిందికి వంచింది. నీళ్ళు తాగించింది. ఆ తర్వాత ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఎన్ని దినాలైంది అక్కా తిని?"

"పొద్దున్నే తిన్నాను."

"నాకాడ అబద్ధం వద్దు. చేతులు చూడండి, ఎట్ట వణకతా ఉండాయో."

సునయన చెప్పింది. మిషను సంగతి, జాకెట్టు సంగతి. అద్దంలో చూసుకున్న మొహం సంగతి తప్ప అన్నీ చెప్పింది. జెబ చివరిదాకా విని, ఆమె కుడిచెయ్యి మడిచి, ఎడమచేతి వేళ్ళు దాని మీద పెట్టించింది.

"ఈడ నొక్కండి. మెత్తగుందా, గట్టిగుందా?"

"గట్టిగానే ఉంది."

"నెల దినాలు ఇనుమెత్తితే చెయ్యి ఏమౌతాది? మా రాయపురంలో చేపల గంపలెత్తే ఆడోళ్ళని చూడండి, ఒక్కరికన్నా రెడీమేడు జాకెట్టు ఎక్కతాదా? ఇది కొవ్వు గాదు అక్కా. కొవ్వు పోతా ఉంది, కండ వస్తా ఉంది. ఆ మిషనుకేం తెలుస్తాది, నిండు బిందె చంకనెత్తుకుని ఎక్కినా కిలోలే చెప్తాది." చెయ్యి వదిలేసింది. "చీరె కట్టినారు గదా ఆ దినం. నడుం కాడ ఏమన్నా తేడా తెలిసిందా?"

సునయన ఆరో కుచ్చిల్ని తలుచుకుంది. చెయ్యి తొందర అనుకుందే గానీ నడుం తగ్గిందని ఒక్కసారి కూడా తట్టలేదు.

"అంటే స్కాన్‌లో కూడా దిగుతుందా?"

జెబ తల అడ్డంగా ఊపింది. "అది నేను చెప్పలేను అక్కా. లోపల ఏముందో నాకు తెలీదు. పస్తులుంటే మాత్రం ఈ కండంతా కరగతాది, వాళ్ళు కోసినాక మీరు లేచి నడవడానికి ఇదే కావాల. పొయ్యి తినండి. రెండు దినాలు ఈడికి రావద్దు."

ఇంటికెళ్ళి రెండు పెసరట్లు వేసుకుంది. అత్తగారు చూస్తుండగానే నిలబడి తింది. మిషనుని అటక మీద పెట్టించేసింది. అప్పట్నుంచి తెలుసుకునే దారి కూడా లేకుండా పోయింది. జెబ కడ్డీకి ఒక్కొక్క చక్రం కలుపుతోంది, తను ఎత్తుతోంది. సాయంత్రాలు మైత్రి ఫోను చేసేది. "ఇవాళ కొంచెం మాట తడబడుతోంది వదినా," అనేది. స్కాన్ గురించి ఒక్కసారి కూడా అడిగేది కాదు. అడిగితేనే బాగుండేదనిపించేది సునయనకి.

స్కాన్ రోజు భర్త ప్రదీప్ ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చాడు. లోపలికెళ్ళి వచ్చాక ఫలితానికి రెండు గంటలు పడుతుందన్నారు. ఇనుప కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నారు. అతను ఫోను తెరిచి మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"నిజం చెప్పనా," అన్నాడు ఫోనుకేసే చూస్తూ. "తగ్గకూడదని మొక్కుకున్నాను."

సునయన చేతిలో ఉన్న స్కాన్ రశీదుని సగానికి మడిచింది.

"మిషను మీద అంకె కదలనప్పుడల్లా నాకు ఆ పూట అన్నం సహించేది. మీ తమ్ముడంటే ఇష్టం లేక కాదు. వాడు నాకూ బావమరిదే. కానీ నిన్ను బల్ల మీద పడుకోబెట్టి..." ఫోను జేబులో పెట్టేశాడు. "ఎంత నీచుణ్ణో చూడు."

ఎదురు వరసలో ఎవరో ముసలావిడ ఇడ్లీ పొట్లం విప్పుతోంది. సాంబారు వాసన వచ్చింది. సునయన ఆవిడ వేళ్ళకేసి చూస్తూ అంది.

"జాకెట్టు పట్టకపోయిన రోజు నాకూ హాయిగా అనిపించిందండీ. కొయ్యరులే అని. మిమ్మల్ని నీచుడంటే నేనేమవ్వాలి."

అతను తలెత్తి చూశాడు. ఆమె అటు తిరగలేదు.

"భయమేస్తోందా ఇప్పుడు?" అన్నాడు.

"చాలా."

"మరి?"

"మరేముంది. వాడికి నేను తప్ప ఎవరున్నారు."

లోపలికి పిలిచారు. డాక్టరు కంప్యూటరు తెర వాళ్ళవైపు తిప్పాడు. బూడిదరంగు బొమ్మలో సునయనకేమీ అర్థం కాలేదు. కింద అంకె మాత్రం కనబడింది. ఎనిమిది.

"బరువు రెండు కిలోల చిల్లరే తగ్గారు. కొవ్వు మాత్రం బాగా దిగింది," అన్నాడాయన. "మేం ఆగక్కర్లేదు. వచ్చే బుధవారం."

ఆమె ముందు అన్నది "అయ్యో" అన్న మాట. ఎందుకన్నదో ఆమెకే తెలీలేదు. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగించింది.

ఆస్పత్రి తరఫున కాయితాలు చూసే జనని అనే అమ్మాయి ఒక పత్రం తెచ్చి ప్రదీప్ ముందుంచింది. భర్త సమ్మతి. అతను పెన్ను తీసుకోలేదు. మొదటి పేజీ చదివాడు. తిప్పాడు. ప్రమాదాలు రాసిన పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. డాక్టరు గడియారం చూసుకున్నాడు. జనని గొంతు సవరించుకుంది. సునయన మాత్రం ఒక్క మాట అనలేదు. అనకూడదనుకుంది. ఇది ఆమె అడిగి తీసుకోవలసింది కాదు.

ప్రదీప్ మళ్ళీ మొదటి పేజీకొచ్చాడు.

"ఇక్కడ వయసు ముప్పై తొమ్మిదని పడింది," అన్నాడు. "ముప్పై ఎనిమిది. నవంబరుకి గానీ తొమ్మిది నిండవు. దిద్దండి."

జనని దిద్ది, పక్కన పొడి అక్షరాలు వేసింది. అతను పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. చివరి అక్షరం గీత బయటికి పోయింది. పెన్ను బల్ల మీద పెట్టేయబోయాడు.

సునయన సంతకం కింద ఖాళీ మీద వేలు పెట్టి చూపించింది.

"తేదీ కూడా వెయ్యండి," అంది.