మా స్టాపర్ పెద్దబ్బాయి

ఆటలు లేని నెలల్లోనే ఈ దీవిలోని మా బతు బస్తీలో ఫుట్‌బాల్ గొడవలు ఎక్కువ. జనవరి నుంచి మార్చి దాకా లీగు జరుగుతుంది. అప్పుడు అరవడానికి గ్రౌండు ఉంటుంది. వానలు పట్టాక గ్రౌండంతా బురదైపోయి, ఆ అరుపులన్నీ యర్రమ్మ టీ కొట్టులోకి వచ్చిపడతాయి. నా పేరు కనకలక్ష్మి. నలభై ఆరేళ్లు. ఇద్దరు పిల్లల తల్లిని, ఒక చేపల బోటుకు యజమానురాలిని. అయినా మా జట్టు డిఫెన్సు గురించి మాట్లాడమంటే అన్నం మానేసి మాట్లాడతాను. ఆ విషయంలో నాకు సిగ్గు లేదు.

ఈ ఏడు మేం పది మ్యాచ్‌లాడి నాలుగు ఓడాం. ఆరు గెలిచినా కప్పు రాలేదంటే ఆ నాలుగే కారణం. పదిహేను గోల్స్ తింటే అందులో పన్నెండు వాటిలోనే పడ్డాయి, అదీ చాలామటుకు రెండో సగంలో. మొదటి సగం ఈగను కూడా దాటనివ్వని మా వెనక వరస, రెండో సగంలో ఎవరినీ ఆపలేకపోయింది.

ఆగస్టు నెలాఖరుకల్లా ఆటగాళ్ల జాబితా లీగు వాళ్లకు ఇచ్చేయాలి. మా జట్టుకు యజమాని అంటూ ఎవరూ లేరు. బస్తీలోని అభిమానులం కూర్చుని తేల్చిందే జాబితా. ఆ సమావేశానికి ఆటగాళ్లు రాకూడదన్నది మొదటి నుంచీ ఉన్న పద్ధతి, మొహమాటాలు అడ్డు రాకుండా. ఆ నెల చివరి ఆదివారం పొద్దున్న పదిమందిమి చేరాం.

మా కార్యదర్శి తిరుమలరావు హార్బర్ ఆఫీసులో గుమాస్తా. అతనికి లోపమంతా గోల్ కాచే గోలీలోనే కనిపించింది. కార్నర్ కొడితే గోలీ ముందుకు రాడనీ, గీత మీదే నిలబడి దేవుణ్ణి తలుచుకుంటాడనీ అన్నాడు. ఆటో తోలే చక్రి ఒప్పుకోలేదు. కుడి బ్యాకు ముందుకు పరిగెత్తి, వెనక్కి రావడం మరిచిపోతున్నాడని వాడి వాదం. టీ గ్లాసుల్ని ఆటగాళ్లుగా నిలబెట్టి, మూడో మ్యాచ్‌లో పడ్డ రెండో గోలు ఎలా పడిందో చూపించాడు. అది పూర్తయ్యేలోపు యర్రమ్మ వచ్చి సెంటర్ ఫార్వర్డును కడగడానికి పట్టుకుపోయింది.

ఇద్దరి మాటా నేను కొట్టిపారేశాను. తప్పంతా పెద్దబ్బాయి అనే మా స్టాపర్‌దేనన్నాను. వెనక వరసకు మధ్యలో నిలబడి అందర్నీ సర్దుకోవాల్సినవాడు అతను. ముప్పై ఒకటో ఏడు నడుస్తోంది. రెండో సగం మొదలయ్యేసరికి కాళ్లు ఈడుస్తాడు, తలతో కొట్టాల్సిన బంతికి ఎగరడు, పక్కనుంచి కుర్రాడెవడో బంతి తీసుకుపోతుంటే చూస్తూ ఉండిపోతాడు. అతను నా బోటు మీదే పనిచేస్తాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు. అందుకే గ్యాలరీలోంచి మరీ గట్టిగా తిట్టేదాన్ని. తనవాడని వెనకేసుకొస్తోందని ఎవరూ అనకూడదు కదా.

గోల్ ఘర్ పేట నుంచి యువరాజ్ అనే పొడుగు కుర్రాడు మా జట్టులోకి వస్తానంటున్నాడు. అతనూ స్టాపరే. పెద్దబ్బాయి పేరు కొట్టేస్తే ఈ వయసులో మరో జట్టు తీసుకోదు, అతని ఆట అంతటితో సరి. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే అన్నాను. పదమూడేళ్లు ఆడాడు, ఇక చాలనుకున్నాను.

తిరుమలరావు వెనకాడాడు. పదమూడేళ్లుగా ఉన్న మనిషిని ఒక్క మాటతో ఎలా తీసేస్తాం, రుజువు కావాలన్నాడు. రుజువు నా సంచీలోనే ఉంది. వైజాగ్ నుంచి షిప్పులో వచ్చిన తెలుగు క్యాలెండరును మేకు నుంచి తీసి మరీ తెచ్చుకున్నాను. మ్యాచ్ అయిన సాయంత్రం, పడ్డ గోలుకొక ఎర్ర చుక్క చొప్పున ఆ తేదీ గడిలో పెట్టడం నా అలవాటు. పెద్దబ్బాయి వల్ల పడ్డ గోలయితే చుక్క చుట్టూ సున్నా చుడతాను.

బల్ల తుడిచి క్యాలెండరు పరిచాను. నేను వేలు పెట్టి చూపిస్తుంటే చక్రి తేదీలు పైకి చదివాడు. జనవరిలో ఒక ఆదివారమే మూడు సున్నాలు. మార్చి చివరికి వచ్చేసరికి మొత్తం పదకొండు తేలాయి. తిరుమలరావు జాబితా కాగితం నా ముందుకు జరిపాడు.

"ఇంకేటుంది దీదీ, బాత్ ఖతమ్," అన్నాడు చక్రి. "పెద్దబ్బాయి భయ్యా పేరు కొట్టేయ్."

నేను పెన్ను తీశాను. జనవరి పేజీ మళ్లీ ముందుకు తిప్పుతుంటే నా చూపు ఊరికే అడుగు వరస మీద పడింది.

మా క్యాలెండరులో ఆదివారాలు పై వరసలో ఉంటాయి, శనివారాలు అట్టడుగున. బోటు వేటకు వెళ్లిన రాత్రులకు కూడా నేను అందులోనే గుర్తు పెడతాను, నీలం గీత. మూడు సున్నాలున్న ఆదివారానికి ముందు రోజు, అంటే వెనక వారం అడుగున, శనివారం గడిలో నీలం గీత ఉంది. రెండో ఓటమి చూశాను. మూడోది, నాలుగోది చూశాను. నాలుగింటికీ ముందు రాత్రి నా బోటు సముద్రంలో ఉంది. గెలిచిన ఆరింటికీ ముందు శనివారం గడి ఖాళీ. వెన్నెల రోజుల్లో వల చేపలకు కనబడిపోతుంది కాబట్టి బోటు ఒడ్డునే ఉంటుంది. మేం ఓడినవన్నీ అమావాస్యకు అటూ ఇటూ పడ్డ ఆదివారాలు.

తెల్లవారుజామున వల లాగి, ఎనిమిదింటికి జెట్టీలో చేపలు దించి, మధ్యాహ్నం బూట్లు వేసుకున్న మనిషి రెండో సగంలో ఏం ఎగురుతాడు? జాలరి ఇంట్లో పుట్టినదాన్ని, చంద్రుణ్ణి చూసి బోటు పంపేదాన్ని. ఆ చంద్రుణ్ణి మ్యాచ్‌తో కలిపి చూడాలని ఒక్కసారీ తోచలేదు. శనివారం బోటెక్కించిందీ నేనే, ఆదివారం కాళ్లు ఈడుస్తున్నాడని తిట్టిందీ నేనే.

మిగతావాళ్లెవరూ గమనించలేదు. క్యాలెండరు చుట్టేసి సంచీలో పెట్టుకుంటే సరిపోయేది. నిజం చెప్పొద్దూ, ఒక అంచు చుట్టడం మొదలుపెట్టాను కూడా. ఆ వెంటనే నా మీద నాకే ఒళ్లు మండింది. చుట్టింది విప్పి మళ్లీ పరిచాను.

"ఆగండి. తప్పు పెద్దబ్బాయిది కాదు. ఆ నాలుగు రాత్రులూ ఆడు నా బోటు మీదున్నాడు. నేనే పంపాను."

తిరుమలరావు కళ్లజోడు సర్దుకుని ఆ గడులన్నీ ఒకటికి రెండుసార్లు చూశాడు. అయితే మ్యాచ్ ముందు రోజు బోటు ఆపేయమన్నాడు. ఆపితే బోటు మీద పనిచేసే మిగతా ముగ్గురికి వేటలో వచ్చే వాటా కూడా పోతుంది, వాళ్లేం పాపం చేశారన్నాను. పెద్దబ్బాయి ఒక్కణ్ణే ఆపాలంటే వల లాగడానికి నాలుగో మనిషి కావాలి. వేటకు వెళ్లనివాడికి వాటా ఇవ్వడమన్నది మా బోట్ల మీద లేదు. ఆ పద్ధతి నా బోటు వరకూ నేను మారుస్తానన్నాను. వచ్చినవాడు ఊరికే లాగాలి, వాటా మాత్రం పెద్దబ్బాయి ఇంటికే పోవాలి. అలా ఎవరొస్తారని అడిగాను.

ఒకరు టీ గ్లాసు అందుకున్నారు, ఒకరు టైము చూసుకున్నారు. అందరి తాతలూ వల లాగినవాళ్లే. ఇప్పుడొకరు ఆఫీసు, ఒకరు ఆటో, ఒకరు కరెంటు పని. డిఫెన్సు బాగుపడాలని ఏడాది పొడుగునా గొంతు చించుకున్నవాళ్లే అందరూ. నేను వదల్లేదు. ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ కూర్చున్నాను.

చివరికి తిరుమలరావు గ్లాసు కింద పెట్టాడు.

"హావ్‌లాక్ దీవికెళ్లే షిప్పెక్కితేనే నాకు వాంతులవుతాయి. అయినా మొదటి మ్యాచ్‌కి నా పేరు రాసుకో. కక్కుకుంటూనే లాగుతాను."

రెండోసారి తను వెళ్తానన్నాడు చక్రి. మరో ఇద్దరు చేతులెత్తారు. యువరాజ్‌కు వచ్చే ఏడు చూద్దామని కబురు పంపాం. జాబితాలో స్టాపర్ పేరు నా చేత్తో నేనే రాశాను.

అక్కణ్ణుంచి తిన్నగా జంగ్లీఘాట్ జెట్టీకి వెళ్లాను. పెద్దబ్బాయి రేకుల షెడ్డు కింద చిరిగిన వల బాగుచేస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను. నిద్ర లేకే ఆడలేకపోతున్నావని నీకు తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు, తల ఎత్తకుండానే. మరి ఇన్నాళ్లూ నా చేత తిట్లు తిని ఎందుకు చెప్పలేదన్నాను.

"నువ్వు ఓనర్ కదక్కా. సెప్తే బోటా, ఆటా, ఏదో ఒకటి తేల్చుకోమంటావు. ఇంట్లో పిల్లలున్నారు. బోటే అనాల. తిడితే తిట్టింది, ఆడనిత్తంది కదా అనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. నిన్నటిదాకా అతను అడిగి ఉంటే నేను సరిగ్గా ఆ మాటే అనేదాన్ని. ఆ సంగతి దాచకుండా అతనితో చెప్పేశాను. ఇక మీదట మ్యాచ్ ముందు శనివారం జెట్టీలో కనిపించావంటే ఇంటికి తోలేస్తాను, నీ వాటా నీ ఇంటికే వస్తుందన్నాను.

తన బదులు ఎవరెళ్తారని అడిగాడు. తిరుమలరావు పేరు చెప్పగానే వల పక్కన పెట్టేశాడు. ఆయనకు వల లాగడం వచ్చా అన్నాడు. రాదన్నాను. ఈత వచ్చా అంటే అదీ రాదన్నాను. పెద్దబ్బాయి లేచి నిలబడ్డాడు.

"జనవరికి ఇంకా నాలుగు నెల్లుంది. రేపు పొద్దున్న ఆరింటికి ఆయన్ని పంపక్కా, రెండూ నేర్పుతాను. చక్రిగాణ్ణి కూడా. ఒక్క రోజు ఎగ్గొట్టినా ఒప్పుకోను."

నేను వానలో తడుస్తూనే తిరుమలరావు ఇంటికి బయల్దేరాను.