పదమూడో గడి

కృత్రిమ కాళ్ళు చేసే ఆ కేంద్రంలో రికార్డుల గది మెట్ల కింద ఉంది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, గోడకి వేలాడే ఒక పాత చెక్కకాలు. ఆ కుర్చీలో తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నావిడని అందరూ నల్లతెర అక్క అంటారు. కారణం పెద్దదేం కాదు. మిగతావాళ్ళ కంప్యూటర్లలో రంగురంగుల బొమ్మలుంటే, ఆవిడ ముందు ఎప్పుడూ నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, చివర మినుకుమినుకుమనే చిన్న గీత. మౌసుని ఆవిడ ముట్టుకోగా చూసినవాళ్ళు లేరు. ఆ తెరని షెల్ అంటారు. ఏం కావాలో కొట్టి ఎంటర్ నొక్కితే అవతలున్న డేటాబేస్ జవాబిస్తుంది. అడిగినదానికే చెబుతుంది, అడగనిది చెప్పదు. ఆ మాత్రం మర్యాద మనుషుల్లో కూడా ఉంటే ఎంత బాగుండునో అంటుంది ఆవిడ.

ఆ డేటాబేస్‌లో ఒక్కో మనిషికి ఒక్కో పత్రం. ఒకరి పత్రంలా ఇంకొకరిది ఉండి తీరాలన్న నియమం లేదు. పేరు, వయసు, కొలతలు లాంటి పన్నెండు వివరాలు అందరికీ ఉంటాయి. వాటి కింద పదమూడోది, దాని పేరు మేస్త్రి మాట. అందులో కొందరికి ఒక్క ముక్కే ఉంటుంది, కొందరికి తెర నిండిపోతుంది. వెల్డింగ్ చేసే ఆయనకి, సాయంత్రానికి మొండికాలు వాస్తుంది, కొలత సాయంత్రమే తీయాలి. లెక్కల పంతులమ్మకి, రోజంతా నిలబడుతుంది, బరువంతా మడమ మీదే వేస్తుంది. నొప్పి ఉన్నా లేదనే ఒక పెద్దాయనకి, అడగొద్దు, మొహం చూడండి.

ఇవన్నీ పెద్దమేస్త్రి చెప్పినవి. నలభయ్యేళ్ళు కాళ్ళు చేసిన చెయ్యి ఆయనది. టైపు కొట్టడం రాదు, నేర్చుకోనూ లేదు. ఒక కాలు కుదిరిందంటే ప్లాస్టర్ అంటిన చేతులతోనే మెట్లు దిగొచ్చి ఆవిడ కుర్చీ వెనక నిలబడి చెప్పేవాడు. ఆవిడ కొట్టేది. మధ్యలో ఆవిడ తన తెలివి కొంచెం కలపబోతే, నేనన్నది రాయమ్మా, నువ్వనుకున్నది కాదు అనేవాడు. ఆయన పోయి ఏడాదిన్నర అయింది. పనిముట్లు శిష్యుడికి వచ్చాయి. బుర్ర మాత్రం ఆ నాలుగు వేల నూట ఇరవై ఆరు పత్రాల్లో ఉండిపోయింది.

అందులో ఒకటి నల్లతెర అక్క సొంత చెల్లెలిది. పంతొమ్మిదేళ్ళప్పుడు లారీ కింద పడి కుడికాలు మోకాలి దిగువన పోయింది. చేసేది కుట్టుపని, అదీ కాలితో తొక్కే మిషన్ మీద. కేంద్రంలో పెట్టిన కాలితో నడక నెలలో వచ్చేసింది కానీ మిషన్ తొక్కడం ఎంతకీ కుదరలేదు. పాదం పలక మీంచి జారిపోయేది. మేస్త్రి చీలమండ దగ్గర కాస్త మార్చేవాడు, ఈమె తొక్కి చూసేది, మళ్ళీ వచ్చేది. కాళ్ళరిగేలా తిరుగుతున్నాను, అందులో ఒకటి మీరు చేసిందే కాబట్టి సగం అరుగుదల మీది అని మేస్త్రితో అనేసింది కూడా. పదకొండోసారికి కుదిరింది. ఆ రోజు అక్క కొట్టిన మాటలివి: "మడమ ఒక వేలు మందం ఎత్తు. పాదం ముందువైపు మూడు డిగ్రీలు కిందికి. చీలమండ బిగువు తక్కువ. మిషన్ తొక్కడానికి. పదకొండోసారి కుదిరింది."

ఆ కాలు ఇప్పుడు పగిలింది. రెండుసార్లు అతుకు వేశారు, చీలమండ అరిగిపోయింది, దాన్ని చూసి కొలత తీయడానికి లేదు. కొత్తది చేయాలి. అది కుదరకపోతే చెల్లెలికి మిషన్ లేదు, మిషన్ లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

సరిగ్గా ఆ సమయంలోనే కొత్త అధికారి వచ్చాడు. చెడ్డవాడు కాదు, అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈయనకి అన్నీ ఒక్క తీరుగా ఉండాలి. బల్ల మీద పెన్నులు కూడా పొడవు ప్రకారం పడుకుని ఉంటాయి. వచ్చిన వారంలోనే, ఎవరి పత్రంలో ఏ మార్పు చేసినా రిజిస్టర్‌లో దాని పక్కన నా సంతకం ఉండాలి అని నియమం పెట్టాడు. తర్వాత ఎవరో కంపెనీవాళ్ళ చేత కొత్త తెర చేయించాడు. చక్కటి తెర, మీటలు నొక్కితే చాలు, అందరికీ పన్నెండే గళ్ళు. ఆ రోజు నుంచి సిబ్బంది ఆయన్ని చాటుగా పన్నెండు గళ్ళాయన అనసాగారు. పదమూడోదానికి అందులో చోటు లేదు కాబట్టి నెలాఖరులోగా డేటాబేస్ నుంచి తీసేయమని కాగితం పంపాడు.

నల్లతెర అక్క పైకి వెళ్ళి చెప్పింది. ఒకటికి మూడుసార్లు చెప్పింది. కొలతలు ఉంటే కాలు వస్తుందమ్మా, కబుర్లు ఎందుకు అన్నాడాయన. కబుర్లు అన్న మాటకి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. పైగా కొత్త పద్ధతిలో మొదటి కాలు ఎవరి వంతు వస్తే వాళ్ళదే చేద్దాం, రికార్డుల గదిని ఏమీ అడగొద్దు అని పెద్దమేస్త్రి శిష్యుడికి ఆజ్ఞ వేశాడు. వంతు చెల్లెలిది.

శిష్యుడు నలభై దాటిన మనిషి, కాళ్ళకి ప్లాస్టర్ అచ్చులు పోస్తాడు. పాపం, మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని మెట్ల కిందికి వచ్చి నీళ్ళు నములుతూ నిలబడ్డాడు. ఆయనకి ఒక ఉపాయం తట్టింది. అసలు లేని డేటాబేస్ పేరు చెప్పినా ఆ షెల్ ఏమీ అనదు. సరే, అందులోకి వచ్చాం అంటుంది. అక్కడ ఏ ఆజ్ఞ కొట్టినా అందింది అని జవాబిస్తుంది, మార్చినవి సున్నా అన్నది కింద చిన్నగా ఉంటుంది.

"ఆ ఖాళీదాంట్లో కొట్టేసి, అందింది అన్న ముక్క చూపించక్కా. ఆయనకేం తెలుస్తుంది?"

అన్నం తింటున్నంతసేపూ ఆవిడ దాని గురించే ఆలోచించింది. ఎంత సులువు. ఒక్క నిమిషం పని, ఉద్యోగం ఉంటుంది, పత్రాలూ ఉంటాయి. గిన్నె కడుక్కుని వచ్చి తల అడ్డంగా ఊపింది.

"దాచామంటే అది దాచాల్సిన పనేనని మనమే ఒప్పుకున్నట్టు తమ్ముడూ. మేస్త్రి మాటని నేను దొంగసొత్తు చెయ్యను. ఉంచుతాను, ఆయన మొహం మీదే ఉంచుతాను."

గురువారం పరీక్ష. పరీక్షగదిలో నాలుగు మెట్లు, ఒక వాలుబాట, కిటికీ పక్కన పెద్దమేస్త్రి ఒకప్పుడు తెప్పించిన కుట్టుమిషన్ ఉన్నాయి. చెల్లెలు కొత్త కాలు వేసుకుని మెట్లెక్కింది, దిగింది. అధికారి మొహం విప్పారింది. తర్వాత ఆమె మిషన్ ముందు కూర్చుని గుడ్డ పెట్టి తొక్కింది. పాదం జారింది. సర్దుకుని మళ్ళీ తొక్కింది, మళ్ళీ జారింది. ఆరోసారికి దారం తెగి సూది వంగింది. అలవాటు పడాలమ్మా అన్నాడాయన. ఒంటికాలి మీద లేవడం అంటే ఏమిటో ఆ గదిలో ఉన్నవాళ్ళు ఆ రోజు కళ్ళారా చూశారు. పట్టీలు విప్పి, మిషన్ పట్టుకుని లేచి, ఆ కొత్త కాలిని తీసుకెళ్ళి ఆయన ఫైలు మీద పెట్టింది.

"ఇది పన్నెండు గళ్ళ కాలు సార్. నాది పదమూడు. ఇది మీ దగ్గరే ఉంచుకోండి."

గదిలో అచ్చులు పోసేవాళ్ళు, వంతు కోసం కూర్చున్నవాళ్ళు కలిపి పదిహేనుమంది ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది, ఆయన తిట్టి తేలికపడేవాడు. గబగబా మెట్లు దిగి రికార్డుల గదిలోకి వచ్చి, నెలాఖరు దాకా ఆగేది లేదు, ఆ పదమూడోది ఇప్పుడే, నా కళ్ళముందే తీసేయండి అన్నాడు.

నల్లతెర అక్క సరేనంది. అసలు డేటాబేస్‌లోకే వెళ్ళింది, ఖాళీదాంట్లోకి కాదు. ఏదైనా చెరిపే ముందు చెరగబోయేది చూడటం ఆవిడకి మొదటి నుంచీ అలవాటు. వెతుకు అని కొట్టింది. పత్రాలు బిలబిలా దిగాయి. షెల్ ఒక్కసారికి ఇరవయ్యే చూపిస్తుంది, ఇంకా కావాలంటే ఇట్ అని కొట్టండి అని అడుగున రాసి ఆగిపోతుంది. తర్వాత లెక్కపెట్టమంది. నాలుగు వేల నూట ఇరవై ఆరు అంది తెర. అప్పుడు చెరిపే ఆజ్ఞ కొట్టింది. ఒక్క అక్షరం తేడా లేకుండా, బ్రాకెట్లతో సహా. కొట్టి కుర్చీలోంచి లేచి పక్కకి జరిగింది.

"ఎంటర్ మాత్రం మిగిలింది సార్. అది మీరు నొక్కండి."

"అది మీ పని."

"రాయడం నా పని. పోగొట్టడం కాదు."

ఆయన పంతానికి కూర్చున్నాడు. ఆ కుర్చీ పొట్టిది, మోకాళ్ళు బల్లకి తగిలాయి. వేలు ఎంటర్ మీదికి వెళ్ళింది. నొక్కేస్తే నల్లతెర అక్క ఏం చేస్తుంది? చెయ్యి పట్టుకుని లాగుతుందా? ఏడున్నరేళ్ళు తన వెనక నిలబడి చెప్పిన మనిషి ఆ వేలి కింద ఉన్నాడు. అంతకి తెగించడం ధైర్యమో పొగరో ఆ క్షణంలో ఆవిడకే తెలియలేదు. అయినా చేతులు కట్టుకునే నిలబడింది.

వేలు అక్కడే ఆగింది. ఆయన కళ్ళు తెర మీద పైకి జరిగాయి. సాయంత్రం వాచే కాలు దగ్గర, మొహం చూడమన్న పెద్దాయన దగ్గర కాసేపు నిలిచాయి.

"మళ్ళీ తెచ్చుకోవచ్చు కదా?"

రాత్రి తీసే కాపీ నిన్నటి కాపీ మీదే పడుతుందని, రేపు పొద్దునకి అందులోనూ ఉండవని ఆవిడ చెప్పింది. మీరు విడిగా దాచుకునే ఉంటారు అన్నాడాయన.

"లేదు సార్. దాచుంటే మీరు ధైర్యంగా నొక్కేస్తారు."

మెట్ల మీద టక్కుటక్కుమని పాత కాలి చప్పుడు దిగొచ్చి గుమ్మం దగ్గర ఆగింది. చెల్లెలు లోపలికి రాలేదు. అధికారి లేచాడు. ఎవరి మొహమూ చూడకుండా, మీ మీద చర్య తీసుకోవలసి వస్తుంది అన్నాడు. తీసుకోండి సార్ అంది నల్లతెర అక్క. ఆయన వెళ్ళాక కుర్చీలో కూలబడి, నొక్కని ఆ ఆజ్ఞని ఒక్కో అక్షరమే వెనక్కి చెరిపేసింది. చెల్లెలు మంచినీళ్ళ సీసా తెచ్చి బల్ల మీద పెట్టి, చెమట తుడుచుకో ముందు అంది.

మర్నాడే మెమో వచ్చింది. పై అధికారి ఆజ్ఞని ఎందుకు ధిక్కరించారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. క్షమాపణగా నాలుగు ముక్కలు రాసి పారేయమని తోటివాళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరారు. ఆవిడ రాయలేదు. తెర మీది ఇరవై పత్రాలు ఉన్నవి ఉన్నట్టే కాగితాల మీద తీసింది. ఒక్కోదాని కింద స్కేలు పెట్టి గీత గీసి, దీన్ని తీసేయడానికి అనుమతి, అధికారి సంతకం అని రాసింది. ఆయన పెట్టిన నియమమే కదా. చివరి కాగితం అడుగున షెల్ చెప్పిన వాక్యం అలాగే ఉంది, ఇంకా కావాలంటే ఇట్ అని కొట్టండి. అవి తీసుకెళ్ళి పొడవు ప్రకారం పడుకున్న పెన్నుల పక్కన పెట్టింది.

"ఇదే నా సంజాయిషీ సార్. ఇవి సంతకాలు పెట్టి ఇస్తే మిగతావి తెస్తాను."

ఆయన వాటిని సొరుగులో పెట్టుకున్నాడు. రోజులు గడిచాయి, పిలుపు రాలేదు. ఈలోగా శిష్యుడు తలుపులు బార్లా తెరిచి పెట్టి, మేస్త్రి మాట గట్టిగా చదివించుకుంటూ చెల్లెలి కాలు మళ్ళీ చేశాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు. ఆమె కొత్త కాలితో మిషన్ ముందు కూర్చుని తొక్కింది, గుడ్డ అంచు చివరిదాకా ఎక్కడా ఆగకుండా తొక్కింది. కుట్టు చూసుకుని, మేస్త్రి ఉంటే చూసేవాడు, ఆయన మాటతో ఒక్క తిరుగుడులోనే కుదిరింది అని కళ్ళు తుడుచుకుంది.

ఆ సాయంత్రం నల్లతెర అక్క చెల్లెలి పత్రంలో పదమూడో గడి తెరిచి, చివర ఒక్క వాక్యం కొట్టింది. పత్రంలో మార్పు కాబట్టి రిజిస్టర్ పట్టుకుని పైకి వెళ్ళి ఆయన ముందు తెరిచింది. మార్చిన సంగతి అన్న చోట "మేస్త్రి మాట ప్రకారం చేస్తే మొదటిసారే కుదిరింది" అని ఉంది. ఆయన అది చదివి పెన్ను తీసుకున్నాడు. సొరుగులోని ఇరవై గీతలూ ఇప్పటికీ ఖాళీగానే ఉన్నాయి. దీని పక్కన మాత్రం సంతకం పెట్టాడు.