ఎడమ చీలమండ మీది కాయ

చర్మవ్యాధుల ఆసుపత్రిలో పుళ్లు కడిగి కట్లు కట్టడం నా పని. పొద్దున్నుంచి నిలబడీ నిలబడీ, రోగుల కంటే ముందు నా కాళ్లే పడిపోతాయేమో అనిపిస్తుంది. ఇంటికొచ్చాక ఇంకో పాదం చూడమంటే ఏడుపొస్తుంది. అందుకే ఏడాదిగా మా నాన్న పాదాలు చూడలేదు. సాకు చెప్పడం లేదు, తప్పు ఒప్పుకుంటున్నాను.

నమాజులో ఎడమ పాదం మడిచి దాని మీదే కూర్చుంటాం. యాభై ఏళ్లు అలా కూర్చున్న మనిషికి ఎడమ చీలమండ మీద కాయ కాయడం వింతేం కాదు. నుదుటి మీద ఒకటి, మోకాళ్లకి రెండు, అక్కడొకటి. నుదుటి మచ్చ చూసి అందరూ మర్యాద ఇస్తారు. కింద ఉన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఇదివరకు నమాజు కాగానే, "కాలు తిమ్మిరెక్కింది, ఎవరైనా లేపండే!" అని నాన్న గోల పెట్టేవాడు. ఈ ఏడాది ఆ గోల లేదు. నమాజయ్యాక కూడా గంటసేపు అలాగే, కదలకుండా కూర్చునేవాడు. "ఇన్నాళ్లకి మీ నాన్నకి మనసు కుదిరిందే" అని అమ్మ మురిసిపోయింది. నేనూ మురిశాను. నా చదువు గడ్డి మేయడానికి పోయినట్టుంది.

నిన్న సాయంత్రం నమాజు చాప మడుస్తుంటే ఎడమ పక్కన బొత్తామంత తడి మరక కనిపించింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాకు రోజూ అన్నం పెట్టే వాసనే అది.

"నాన్నా, ఆ కాయ ఎప్పుడు పగిలింది?"

"ఏమోనమ్మా. నొప్పి లేదుగా!"

ఆ పొద్దున్నే ఆసుపత్రిలో ఒక వంటమనిషి ఇదే మాట నవ్వుతూ అన్నాడు. ఒంట్లో చక్కెర ముదిరి, పాదానికి స్పర్శ పోయి, పుండు ఎముక దాకా దిగింది. వచ్చే వారం అతని పాదం తీసేస్తారు.

సంచీలోంచి స్పర్శ పరీక్ష చేసే నైలాన్ పోగు తీశాను.

"దర్జీకే దారం చూపిస్తున్నావా?" అన్నాడు నాన్న. నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన పాదం అది.

"కళ్లు మూసుకో. అరికాలికి ఇది తగిలినప్పుడల్లా చెప్పు."

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు" అని నవ్వుతూనే కళ్లు మూసుకున్నాడు. అమ్మ గరిటెతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

బొటనవేలి కింద నొక్కాను. చిటికెన వేలి కింద, మధ్యలో, మడమ మీద. ప్రతిచోటా పోగు వంగేదాకా నొక్కాను. మొత్తం పది చోట్ల. అమ్మ ఒక్కో చోటూ లెక్కపెడుతూనే ఉంది. ఆమె పెదవులు కదలడం ఆగిపోయాక నాకు నిజంగా భయమేసింది.

"త్వరగా కానియ్యి తల్లీ" అన్నాడు నాన్న, కళ్లు మూసుకునే. "నమాజుకి వేళవుతోంది. ఇంకా మొదలెట్టవేం?"