తాడు కట్టిన దిమ్మ

స్టీరింగు మీద ఎండిపోయిన కిళ్ళీ ఉమ్మిని సన్యాసయ్య తడిగుడ్డతో మరోసారి రుద్దాడు. పోలేదు. ఛాతీ పట్టేసిందని నిన్న ఒక్కరోజు సెలవు పెడితే, తోటి డ్రైవరు రాంప్రసాదు ఈ బండి తోలి చేసిన నిర్వాకం ఇది. సీటు కింద గుట్కా పొట్లాలు. బ్రేకు పెడల్ పక్కన దొర్లుతున్న ఖాళీ నీళ్ళ సీసా. ఆ సీసా పెడల్ కిందికి దూరిందంటే బండి ఇక ఆగేది యముడి వాకిట్లోనే.

“థూ! మనిసి పుటక పుట్టి పంది బతుకేటి!” అనుకుంటూ అన్నీ ఏరి చెత్తడబ్బాలో పడేశాడు. ఆ చేతిని ప్యాంటుకి తుడుచుకుని, ప్యాంటుని కూడా అసహ్యంగా చూసుకున్నాడు.

యాభై దాటిన బక్క మనిషి. మెడ కొంగలా ముందుకు సాగి ఉంటుంది. ముక్కు ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. రాయగడ మునిసిపాలిటీ చెత్త ట్రాక్టరు తోలినన్నాళ్ళూ ముడుచుకున్న ఆ ముక్కు, పార్సిళ్ళ కంపెనీలో చేరాక కూడా విచ్చుకోలేదు. చెత్తలో కంపు కొట్టింది కుళ్ళిన కూరగాయలే, రోడ్డు మీద కంపు కొట్టేది మనుషులు, అంటాడు.

అతని నెమ్మదితనం గురించి డ్రైవర్లు చెప్పుకునే కోతలకి అంతు లేదు. సన్యాసయ్య ఘాటీ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టినప్పుడు కింద పాతిన పనసగింజ, అతను పైకి చేరేసరికి కాయ కాసిందట. ఓ నత్త అతన్ని దాటిపోయి, పైమలుపులో నిలబడి వెనక్కి తిరిగి చూసి, జాలిపడి, వచ్చి బండి తోసిందట. ఆ నత్తని తమ కళ్ళతో చూశామని ప్రమాణం చేసేవాళ్ళు టీకొట్టు దగ్గర కనీసం నలుగురుంటారు.

టైర్లు తన్ని చూసి, లైట్లు వేసి చూసి, అద్దాలు సరిచేసుకుంటుంటే గోడౌను ఇన్‌చార్జి మనోరంజన్ వచ్చాడు.

“మామూ, పైవాళ్ళు రోజూ నన్ను తిడుతున్నారు. ఈ రోజు మధ్యాహ్నం లోపల సరుకు ఘాటీ దాటి టికిరి చేరాలి. లేకపోతే రేపటి నుంచి ఈ బండి తాళం రాంప్రసాదుకి. హెబొ నాహి, ఇంక కుదరదు.”

“బేగెల్లిపోడానికి నానేటి గద్దనా బాబూ? రోడ్డు మీదెల్తన్నాను.”

“రాంప్రసాదు కూడా రోడ్డు మీదే వెళ్తాడు కదా!”

“ఆడు ఘాటీ దిగినప్పుడు గేరు తీసేసి దిగుతాడు. డీజిలు మిగుల్తాదంట. ఆడు మిగలడు, సూస్తుండు.”

మాటైతే అన్నాడు గానీ బండెక్కాక తాళాన్ని ఓసారి తడిమి చూసుకున్నాడు. ఈ వయసులో ఇంకెవడు బండి చేతికిస్తాడు? తాళం పోతే పద్మపూర్ వెళ్ళి బావమరిది పొలంలో కాకులు తోలుకోవాలి. చేతుల్లో స్టీరింగు లేని తనని తాను ఊహించుకోబోయి, ఊహ అందక, సన్యాసయ్య ఇంజను స్టార్టు చేశాడు. భార్య పుణ్యవతి కట్టిచ్చిన సోడిపిండి అంబలి సీసా పక్క సీటులో కుదురుగా ఉంది. “బరువులెత్తకండి, డాక్టరు సెప్పేడు” అని ఆవిడ వాకిలి దాకా వచ్చి అరిచింది. గ్యాసే, అనుకున్నాడు.

దారంతా అతనికి రోత పుట్టించేవే. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ముగ్గుర్నెక్కించుకుని పోయే మోటారుసైకిలు. మలుపులో హారను కూడా కొట్టకుండా దూసుకొచ్చే జీపు. కిటికీలోంచి వెనకవాడి ముఖాన పడేలా ఉమ్మే లారీ క్లీనరు. సన్యాసయ్య ప్రతి మలుపు ముందూ హారను కొట్టి, ఒక ఊపిరి ఆగి, అప్పుడు తిప్పాడు. జేబులో ఫోను మోగింది. తియ్యలేదు. మళ్ళీ మోగింది. “అరుసుకో” అన్నాడు.

అయినా ఈ రోజు బండి బాగానే లాగుతోంది. సగం ఘాటీ ఎక్కేసరికి పొద్దింకా నడినెత్తికి రాలేదు. చేరిపోతాననుకున్నాడు.

అప్పుడు కనిపించింది రాయి.

మలుపు మధ్యలో, గుమ్మడికాయ కంటే పెద్దది. ఎవడో లారీవాడు ఎత్తులో బండి ఆపి, వెనక్కి జారకుండా చక్రం కింద పెట్టుకున్నాడు. పనయ్యాక చక్రం ముందుకెళ్ళింది, రాయి రోడ్డుకి మిగిలింది. ఈ కొండల్లో అందరూ చేసే పనే. దిగి రాయి తీస్తే వాడి పరువు పోతుంది కాబోలు. సన్యాసయ్య తమ్ముడు లక్ష్మణ పొగమంచులో మోపెడ్ మీద వస్తూ ఇలాంటి రాయినే గుద్దుకున్నాడు. లక్ష్మణని పాడె ఎక్కించే వేళకి, ఆ రాయి పెట్టినవాడు ఏ హోటల్లోనో పూరీకి రెండోసారి కూర వేయించుకుంటూ ఉండుంటాడు. సన్యాసయ్య తలుచుకున్నప్పుడల్లా వాడి మూతికి కూర అంటుకునే కనిపిస్తుంది.

బండి పక్కనుంచి పట్టేంత సందుంది. “ఈ ఒక్కపాలికి ఒగ్గేద్దునా?” అనుకున్నాడు. టికిరి, తాళం, మనోరంజన్ గడియారం కళ్ళ ముందు ఆడాయి. ఇంతలో ఓ మోటారుసైకిలు వెనకనుంచి దాటి, రాయిని ఆఖరు క్షణంలో చూసి, పాములా వంకర తిరిగి బయటపడింది. వెనక కూర్చున్నామె చంకలో బిడ్డ.

“థూ!”

రాయికి అడ్డంగా బండి ఆపాడు. పార్కింగు లైట్లు వేశాడు. దిగి, వెనక చక్రం కింద తన దిమ్మ పెట్టాడు. మద్దిచెక్క దిమ్మ. దానికో నైలాను తాడు. తాడు రెండో కొస బండి కొక్కేనికి కట్టి ఉంటుంది. మరిచిపోయి బండి కదిలించినా దిమ్మ లొడలొడలాడుతూ వెంటొస్తుందే తప్ప రోడ్డు మీద ఉండిపోదు. “సన్యాసయ్య పెంపుడు కుక్క” అని డ్రైవర్లు నవ్వుతారు.

రాయి దొర్లలేదు. ఒంగి, ఎదకి ఆనించి ఎత్తాడు. లోయలోకి తోస్తే కింద ఎవడి నెత్తిన పడుతుందో! కొండ వారన ఉన్న కాలువ దాకా మోసుకెళ్ళి దింపాడు. ఎడమ చెయ్యి ఎవరో మెలితిప్పినట్టయింది. ఫోను మోగింది. బండి ఆగే ఉంది కాబట్టి తీశాడు.

“ఎక్కడున్నావు మామూ?”

“ఘాటీలో. రాయి తీస్తన్నాను.”

“రాయా? రాళ్ళు తియ్యడానికా నీకు జీతం? రేపు తాళం ఇచ్చేసెయ్.”

సన్యాసయ్య ఫోను జేబులో పెట్టేశాడు. నోట్లో లాలాజలం చేదుగా ఊరింది. ఉమ్మబోయి, రోడ్డు మీద ఎందుకని మింగేశాడు. బండి నీడలో చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు. ముడుచుకున్న ముక్కు మెల్లగా విచ్చుకుంది.

టికిరిలో సరుకు దింపేసి తిరిగొస్తున్న రాంప్రసాదు బండి పైనుంచి చప్పుడు లేకుండా జారుతూ వచ్చింది. పార్కింగు లైట్లు చూసి, ఆపడానికి బ్రేకు మీద నిలబడినంత పని చేశాడు.

“ఏటి మావా, నత్తొచ్చి తోస్తాదని కూకున్నావేటి?” అంటూ దిగి భుజం తట్టాడు. మావ పక్కకి ఒరిగిపోయాడు.

“ఓల్నాయనో!”

మనోరంజన్‌కి ఫోను చేశాడు. “మావ పోనాడు బాబూ” అన్నాడు.

“అయ్యో… అయ్యో పాపం…” అని, “లోడు బాగానే ఉందా?” అన్నాడు మనోరంజన్. “నీ బండి వారన పెట్టి, నువ్వు ఆ బండే తీసుకుని టికిరికి పో. అక్కడ ఆస్పత్రి కూడా ఉంది కదా. రెండు పనులూ అయిపోతాయి.”

మేకలు కాస్తున్న మనిషొకడు సాయం పట్టాడు. ఇద్దరూ కలిసి సన్యాసయ్యని పార్సిళ్ళ మధ్య పడుకోబెట్టారు. మలుపుల్లో దొర్లకుండా కట్టడానికి తాడు కావాల్సొచ్చింది. రాంప్రసాదు చుట్టూ చూశాడు. కొక్కేనికి ఉన్నది విప్పాడు, దిమ్మకి ఉన్న ముడి కూడా విప్పాడు. మావని అట్టపెట్టెలతో కలిపి గట్టిగా కట్టాడు. స్టీరింగు ముందు కూర్చుని, ఏడుస్తూనే, అలవాటు కొద్దీ కిటికీలోంచి ఎర్రగా ఉమ్మి, గేరు వేశాడు.

బండి పైమలుపు తిరిగిపోయింది. రోడ్డు మధ్యలో, ఏళ్ళ తరబడి టైరు రాపిడికి నల్లగా నున్నబడిన మద్దిచెక్క దిమ్మ, తాడు లేకుండా, వచ్చేవాళ్ళకి ఎదురుగా ఉండిపోయింది.