కంబళిలోంచి రాలిన తలగుడ్డ

తెల్లారగానే ఆ ఊళ్లో అందరూ చేసే మొదటి పని కంబళి దులపడం. రాత్రి వచ్చిన కలలు వాకిట్లో రాలతాయి. సంతలో చూసిన గాజులు, మడకశిర బస్సు హారను, ఎప్పుడో చచ్చిన మేక మెడలో గంట. వాటిని ఊడ్చి దిబ్బలో పోస్తారు. ఇంటి చెత్తకే తీరిక లేనివాళ్లు కలల చెత్తను చూస్తూ కూర్చుంటారా?

ఎనభైల్లో వానలు మొహం చాటేసిన ఏడు అది. ఓబన్న సోమప్పను తోడు పెట్టుకుని తన పొలంలో బావి తవ్వుతున్నాడు. ఎంత లోతుకు దిగినా పొడి మన్నే.

ఆ పొద్దున అతని కూతురు నల్లమ్మ కంబళి దులుపుతూ, "అవ్వా, కలలెందుకొస్తాయి?" అని అడిగింది.

ఓబన్న తల్లి తిప్పమ్మ చేటలో శెనక్కాయలు చెరుగుతోంది. "పగలు నీ కండ్లు చూసిందంతా తలకాయలో కుప్ప పడ్తాది. నువ్వు ఆటలో పడి సగం పట్టించుకోవు. నువ్వు నిద్రపోతే తలకాయ చేట పట్టుకోని కూచుంటాది. ఏది ఉంచుకోవల్ల, ఏది పారెయ్యల్ల అని చెరుగుతాది. అప్పుడు ఎగిరేటివే కలలు."

కంబళిలోంచి తపుక్కున ఏదో పడింది. బురదలో నానిన తలగుడ్డ. అంచున బీడీ కాలిన బొక్క.

"ఇది నాయనది," అంది నల్లమ్మ.

గడ్డపారతో బయల్దేరిన ఓబన్న నెత్తి తడుముకున్నాడు. తలగుడ్డ నెత్తిమీదే ఉంది. విప్పి చూస్తే అదే అంచు, అదే బొక్క. పొడిగా ఉంది.

తిప్పమ్మ చేతిలో చేట ఆగిపోయింది. "నిన్న యాడికి పోయింటివే?"

"నాయనకు సద్ది తీస్కోని బాయికాడికి. గోడలోంచి చీమలు గుడ్లెత్తుకోని పైకి వస్తాండె. మన్ను గూడా రాల్తాండె."

"నాయనకు చెప్పలేదా?"

"చీమలే కదవ్వా."

"మన్ను రాలకుండా బాయి అవుతాదామ్మా? సోమప్ప కాచుకోనుంటాడు," అన్నాడు ఓబన్న. కానీ కాలు కదల్లేదు.

తిప్పమ్మ గడ్డపార లాక్కుంది. "పొడి బాయిలో బురద యాడిదిరా?"

అతను కింద పడిన తడి తలగుడ్డను తీసి పిండాడు. ఎర్రటి నీళ్లు కారాయి. అక్కడే కూర్చుండిపోయాడు.

ఇంతలో సోమప్ప పరుగెత్తుకొచ్చాడు. ఓబన్నను చూసి వాకిట్లోనే కూలబడ్డాడు. "ఈడుండావా అన్నా. ముందే దిగినావేమో అనుకోని పిలుస్తానే ఉంటి. బాయి కూలిపోయినాది." ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు. "నీళ్లు పడినాయి."

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. తిప్పమ్మ గడ్డపారను తీసుకెళ్లి ఇంటి మూలన పెట్టింది.

మర్నాడు పిల్ల కంబళి దులుపుతుంటే, ఓబన్న చేట పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.