రెండో బ్యాటరీ

మరదలు జీపును మరో బండికి తాడు కట్టించి లాక్కొచ్చింది. తాడు విప్పించి, ఆ బండివాణ్ణి పంపేసి, షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఉన్నారా బావగారూ?" అని పిలిచింది.

కరెంటు మేస్త్రీ ఒక లారీ హెడ్‌లైటు విప్పి బల్ల మీద పరుచుకొని కూర్చున్నాడు. తలెత్తి ముందు జీపును చూశాడు, తర్వాత తమ్ముడి భార్యను. పద్నాలుగు నెలలుగా ఆ జీపు తన కంటపడకుండా అతను జాగ్రత్తపడుతూ వచ్చాడు. అది తమ్ముడి ఇంటి ముందు రేకుల కింద ఉండేది కాబట్టి, ఆ ఇంటికి వెళ్లాల్సి వస్తే పెరటి దారిన వెళ్లేవాడు.

"రెండో బ్యాటరీ పెట్టాలి దీనికి," అంది ఆమె.

అతను చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

అతని తమ్ముడు బోరుబావుల్లో నీటిమట్టం కొలిచే ఉద్యోగి. నెలకోసారి ఈ జీపులో ఊళ్లు దాటి, గడ్డి కూడా మొలవని ఉప్పుపర్ర మీదుగా నలభై బోర్లు తిరిగి, నీళ్ల నమూనాలు చిన్న ఫ్రిజ్‌లో పెట్టుకొని వచ్చేవాడు. బండి ఆగి ఉన్నా ఆ ఫ్రిజ్ నడుస్తూనే ఉండాలి. ఉన్నది ఒకటే బ్యాటరీ. పద్నాలుగు నెలల కిందట ఒక ఉదయం పర్ర మధ్యలో ఫ్రిజ్ ఆ బ్యాటరీని పూర్తిగా తాగేసింది. జీపు స్టార్టవలేదు. కనుచూపుమేర తెల్లటి నేల తప్ప ఏమీ లేదు, ఫోనుకు సిగ్నలు లేదు. తమ్ముడు రెండు రోజులు బండి దగ్గరే ఉన్నాడు. మూడో రోజు నడక మొదలుపెట్టాడు. వెతకడానికి వెళ్లినవాళ్లకు జీపు కనిపించిన చోటికి పదకొండు కిలోమీటర్ల అవతల దొరికాడు. బండిలోనే ఉండి ఉంటే మర్నాడు సాయంత్రానికల్లా బతికి ఉండగానే దొరికేవాడని వాళ్లలో ఒకడు చెప్పాడు. ఆ మాట ఎందుకు చెప్పాడో, చెప్పకుండా ఉంటే ఏం పోయేదో, మేస్త్రీకి ఇప్పటికీ అర్థం కాలేదు.

"ఇప్పుడు దీంతో నీకేం పనమ్మా?" అని అడిగాడు.

"పర్ర అవతలి మందలన్నీ నాకిచ్చారు. పదకొండు గుడిసెల గుంపులు. ఆఫీసులో బండి లేదు, సొంత బండి ఉంటే తీసుకెళ్లమన్నారు." ఆమె పశువులకు టీకాలు వేసే ఉద్యోగం చేస్తుంది. "మందు చల్లగా ఉండాలి. పగలూ రాత్రీ ఫ్రిజ్ నడవాలి. పొద్దున లేచేసరికి బండి స్టార్టవ్వాలి. రెండూ జరగాలి."

"వేరే బండి చూడకూడదూ?"

"ఈ బండికేం తక్కువ?"

ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టి ఆఫీసుకు వెళ్లిపోయింది.

మేస్త్రీ బానెట్ ఎత్తాడు. బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. విచారణకు వచ్చినవాళ్లు పాత బ్యాటరీని పట్టుకుపోయి మళ్లీ ఇవ్వలేదు. తీగల చివర్లు ఇన్సులేషన్ టేపు చుట్టుకొని గాల్లో వేలాడుతున్నాయి. అంటే బండిలో కరెంటు అనేదే లేదు. అతను ఇంజను గది కొలతలు తీసుకున్నాడు. ఎడమ మడ్‌గార్డు పక్కన రెండో బ్యాటరీ పట్టేంత చోటుంది. దాన్ని కూర్చోబెట్టే ట్రే బిగించాలి, రెండు బ్యాటరీల మధ్య ఐసొలేటర్ పెట్టాలి. ఇంజను తిరిగేటప్పుడు ఐసొలేటర్ రెండింటినీ కలుపుతుంది, రెండూ చార్జవుతాయి. ఇంజను ఆగగానే విడదీస్తుంది. అప్పుడు ఫ్రిజ్ ఎంత తాగినా రెండోదాన్నే తాగుతుంది, స్టార్టు చేసే బ్యాటరీ జోలికి పోదు. ఒక రోజున్నర పని. రెండు వందల బండ్లకు చేసి ఉంటాడు.

కొలతల టేపు వెనక్కి చుట్టుకుంటుండగా వినిపించింది.

టక్.

కాస్త ఆగి మళ్లీ, టక్. టక్.

ఆ చప్పుడు ఏమిటో చెప్పడానికి అతనికి ఆలోచన అక్కర్లేదు. తాళంచెవి తిప్పినప్పుడు, బ్యాటరీలో ఇంజనును తిప్పేంత సత్తువ లేనప్పుడు, స్టార్టర్ రిలే చేసే చప్పుడది. రోజుకు పదిసార్లు వింటాడు. అతను రిలే మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది, కదలిక లేదు. తాళంచెవి అక్కడ బల్ల మీద ఉంది. చెయ్యి కిందే మరోసారి, టక్. మొత్తం ఏడుసార్లు. గోడ గడియారం పదకొండు చూపిస్తోంది.

ఎండకు రేకులు సాగి ఉంటాయని తనకు తాను చెప్పుకున్నాడు. బండి వచ్చినప్పటి నుంచీ నీడలోనే ఉంది.

మధ్యాహ్నం భార్య క్యారియరు తెచ్చింది. జీపును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమండీ, ఇది మీరే చెయ్యాలా? ఊళ్లో ఇంకెవరూ లేరా?"

"ఉన్నారు."

"మరి?"

"నన్నే అడిగింది."

ఆమె గిన్నెలు విప్పింది. అతను రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ట్రేకి రంధ్రాలు వేద్దామని మడ్‌గార్డు పక్కకు వంగి టార్చి వేశాడు. రంధ్రాలు వేసే ఉన్నాయి. నాలుగు, కచ్చితమైన దూరంలో. అంచులు ఆకురాయితో అరగదీసి, తుప్పు పట్టకుండా ఎర్రరంగు పూసి ఉంది. మేస్త్రీ డ్రిల్లు కింద పెట్టేశాడు. డ్రైవరు కాళ్ల దగ్గర, ఇంజను గదికీ లోపలికీ మధ్య ఉండే రేకు మీద, ఒక కాగితపు టేపు ముక్క అంటించి ఉంది. పెన్సిలుతో బాణం గుర్తు వేసి, తమ్ముడి గొలుసుకట్టు రాతలో రాసి ఉంది: "తీగ ఇక్కణ్ణుంచి? అన్నయ్యని అడగాలి."

అడిగాడు. మూడు నెలలు అడిగాడు. ఐసొలేటరూ, లావుపాటి తీగా తనే కొని అట్టపెట్టెలో పెట్టి తెచ్చి ఈ షెడ్డులోనే ఇచ్చాడు. మేస్త్రీ ప్రతిసారీ వచ్చే వారం అన్నాడు. "మీ క్యాలెండర్లో ఈ వారం ఉండదు, అన్నీ వచ్చే వారాలే," అని నవ్వేవాడు తమ్ముడు. ఆఖరిసారి బయల్దేరేముందు రోజు ఫోను చేసినప్పుడు కూడా మేస్త్రీ అదే మాట అన్నాడు. ఆ రోజు చేతిలో పెద్ద పనేమీ లేదు. బద్ధకం, అంతే. తమ్ముడి పనే కదా, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాడు.

ఆ అట్టపెట్టె ఇంకా బల్ల కిందే ఉంది. ఎవరికీ చెప్పలేదు. భార్యకు కూడా.

ఆదివారం కావడంతో మరదలు పదిన్నరకే వచ్చింది. ట్రే బిగించడం అయిపోయింది. ఆమె ఒక స్టూలు లాక్కొని కూర్చొని చూస్తోంది. అతను తీగ చివరికి, బోల్టుకు తగిలించేందుకు, రాగి లగ్గు పెట్టి నొక్కుతున్నాడు. పదకొండు కాగానే మొదలైంది.

టక్.

అతని చెయ్యి ఆగింది. వెంటనే సర్దుకొని మళ్లీ నొక్కాడు.

"వినపడిందా మీకు?" అంది ఆమె.

"ఏది?"

"అబద్ధం ఆడకండి బావగారూ. మీ చెయ్యి ఆగిపోయింది."

ఇద్దరూ చివరిదాకా విన్నారు. ఏడు.

"మొదట బల్లి అనుకున్నాను," అంది ఆమె, జీపు వైపు చూస్తూనే. "చీపురుతో రేకులన్నీ దులిపాను. రోజూ ఇదే వేళకు. పక్కింటావిణ్ణి పిలిచి నిలబెట్టాను. ఆవిడకేం వినపడలేదు. నన్ను చూసి జాలిపడి కాఫీ ఇచ్చి పంపింది. అప్పట్నుంచి ఎవరికీ చెప్పలేదు. మీకు వినపడుతుందా లేదా చూద్దామనే ఇక్కడికి తెచ్చాను."

మేస్త్రీ లగ్గు కింద పెట్టాడు. వంగి, బల్ల కింద నుంచి అట్టపెట్టె బయటికి లాగి ఆమె ముందు పెట్టాడు. మూత మీద దుమ్ము పేరుకొని ఉంది.

"ఇవి వాడు కొన్నవే. నా దగ్గరే ఉన్నాయి. మూడు నెలలు తిప్పాను వాణ్ణి. ఆఖరిసారి ఫోను చేసినా..."

"నాకు తెలుసు," అంది.

"తెలుసా?"

"ఆ రోజు మీతో మాట్లాడి ఫోను పెట్టేసి నాతో ఏమన్నారో తెలుసా? 'అన్నయ్య వచ్చే వారం బిగిస్తాడట, ఈసారికి ప్రయాణం మానుకోనా' అన్నారు. నేనే వెళ్లమన్నాను. ఒకటో తారీకుకు ఇల్లు మారాలి కదా, ఈ తిరుగుడు ముందే ముగించుకొని రండి, సామాన్లు నేనొక్కదాన్నే మోయలేను అన్నాను." ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి. "ఆ సామాన్లన్నీ నేనే మోసుకున్నాను చివరికి."

అతను ఏదో అనబోయాడు.

"క్షమించమని మాత్రం అడక్కండి. నా వల్ల కాదు. మీ తప్పు మీ దగ్గర ఉంచుకోండి, నాది నా దగ్గర ఉంటుంది. ఈ పని మాత్రం పూర్తి చెయ్యండి."

అతను పెట్టె మూత తెరిచాడు.

ఆ రోజంతా ఆమె అక్కడే ఉండి అడిగిన పనిముట్టు అందించింది. టేపు ముక్క ఉన్నచోటే రంధ్రం చేసి, అంచు తీగను కోయకుండా రబ్బరు వాషరు తొడిగి, తీగను లోపలికి లాగాడు. తమ్ముడు ఎంచుకున్న చోటు సరైనదే. కొత్తగా తెచ్చిన రెండు బ్యాటరీలకూ జానెడు దూరంలో ఒక్కో ఫ్యూజు పెట్టాడు. ఎర్త్ తీగ కోసం ఛాసిస్ మీది రంగును ఇనుము మెరిసేదాకా గీకాడు. చివర్లన్నీ బిగించి, ఒక్కోటీ పట్టి లాగి చూశాడు. కదల్లేదు. అన్నిటికన్నా ఆఖర్న నెగటివ్ తీగలు తగిలించాడు.

"తిప్పు," అన్నాడు.

ఆమె తాళంచెవి తిప్పింది. ఇంజను ఒక్క దెబ్బకే అందుకుంది. అరనిమిషం తర్వాత ఐసొలేటర్ లోంచి ఒక చప్పుడు వచ్చింది, టక్ అని. ఆమె సీట్లో ఉలిక్కిపడింది.

"ఇది దాని చప్పుడేనమ్మా, భయపడకు. రెండూ కలిశాయి," అన్నాడు. మీటరు రెండింటి మీదా పద్నాలుగు వోల్టులు చూపించింది. ఇంజను ఆపాక ఐసొలేటర్ రెండింటినీ విడదీసింది. అంతా పద్ధతిగా ఉంది. అయినా అతనికి తృప్తి కలగలేదు.

"ముందు నేనూ వస్తాను పర్రలోకి. ఒక పూట నిలబెట్టి చూడాలి," అన్నాడు. ఆమె కాదనలేదు.

బుధవారం చీకట్లు విడుతుండగా బయల్దేరి, ఏడుకల్లా పర్ర మధ్యకు చేరారు. ఫ్రిజ్‌లో మూడు వందల మోతాదుల టీకామందు, వెనక సీట్లో ఆరు క్యాన్ల నీళ్లు. జీపు దొరికిన చోటు ఆమెకు తెలుసు. సర్వే రాయి పక్కన ఆపి ఇంజను కట్టేసింది. ఆ ఎండలో ఆరు గంటలు తట్టుకుంటే ఏ రాత్రినైనా తట్టుకుంటుందని మేస్త్రీ లెక్క.

గంటకోసారి మీటరు పెట్టి చూశాడు. రెండో బ్యాటరీ కొంచెం కొంచెంగా దిగుతోంది. మొదటిది ఎక్కడున్నది అక్కడే ఉంది. తొమ్మిది దాటేసరికి నేల తెల్లగా మండిపోయి కళ్లు తెరవనివ్వలేదు. పదిన్నరకల్లా బండి నీడ చక్రాల కిందికి దూరిపోయింది. ఈ నీడలోనే రెండు రోజులు కూర్చున్నాడు వాడు, అనుకున్నాడు మేస్త్రీ.

పదకొండుకు ఇద్దరూ బానెట్ వైపు చూస్తూ కూర్చున్నారు.

బండిలోంచి ఏమీ రాలేదు. చప్పుడు బయట్నుంచి వచ్చింది. పది అడుగుల దూరంలో, వట్టి నేల మీద, టక్. తర్వాత ఇంకాస్త అవతల, టక్. మూడోది ఇంకా దూరంగా. అటు, దక్షిణంగా, తమ్ముడు నడిచిన వైపే.

తలుపు ఎప్పుడు తెరిచాడో మేస్త్రీకి తెలియదు. టోపీ లేదు, నీళ్లు లేవు. చప్పుడు వెనకాల నడుస్తున్నాడు. ఇంకొక్క అడుగు వేస్తే అందుతుందనిపిస్తోంది. పక్కన నడుస్తూ ఒక్క మాట చెప్పాలని ఉంది. ఏ మాటో తెలియదు. ఉప్పు పెచ్చులు చెప్పుల కింద విరుగుతున్నాయి. నాలుగోది. ఐదోది. ఎండ నెత్తిన నీళ్లలా జారుతోంది, విచిత్రంగా వేడి తెలియడం లేదు.

"బావగారూ, బండి వదిలి వెళ్లకండి."

విన్నాడు. కాళ్లు ఆగలేదు. ఆరోది.

అప్పుడు వెనక ఇంజను అందుకుంది. ఆ వెంటనే హారను. ఆమె చెయ్యి తీయకుండా నొక్కి పట్టింది. ఆ మోత పర్రంతా నిండిపోయి, ఏడో చప్పుడు వచ్చిందో లేదో వినపడనివ్వలేదు. మేస్త్రీ నిలబడిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే జీపు అనుకున్నదానికన్నా చాలా చిన్నగా కనిపించింది. ముందున్న నేల మీద ఎవరి అడుగులూ లేవు. అతను తన అడుగుల మీదుగానే వెనక్కి నడిచాడు. అతను ఎక్కి తలుపు వేసుకునేదాకా ఆమె హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. తర్వాత నీళ్ల క్యాను ఒళ్లో పెట్టింది.

"మొదటిసారికే స్టార్టయింది," అన్నాడు రెండు గుక్కలు తాగి.

"అయింది," అంది ఆమె, గేరు వేస్తూ.

ఒంటిగంటకు పర్ర దాటి మొదటి గుంపు చేరారు. ఫ్రిజ్ లోపల ఐదు డిగ్రీలుంది. గొర్రెల కాపరి ఒక ముసలామె ముళ్లకంచె తెరిచి, మేస్త్రీని ఎగాదిగా చూసి, "ఈయన డాక్టరా?" అని అడిగింది.

"మా బావగారు. కరెంటు పని. గొర్రెల గురించి ఏమీ తెలియదు."

"మరెందుకొచ్చాడు?"

"పట్టుకోవడానికి," అంది మరదలు.

అతను పట్టుకున్నాడు. మొదటి నాలుగు అతన్ని ఈడ్చుకుపోయాయి, ముసలామె పడీ పడీ నవ్వింది. తర్వాత మెడ కింద చెయ్యి ఎలా వెయ్యాలో తెలిసింది. ముప్పయ్యో నలభయ్యో అయ్యాక, సిరంజిలోకి మందు లాగుతూ, అతని వైపు చూడకుండా మరదలు అడిగింది.

"నేను హారను కొట్టకపోతే వెళ్లిపోయేవారా?"

"వెళ్లేవాణ్ణేనమ్మా."

ఆమె సూదిలోని గాలిబుడగను వేలితో తట్టి పైకి పంపింది.

"ఇది మొండి గొర్రె," అంది. "గట్టిగా పట్టుకోండి."