ఒకే డిస్కు, రెండు కార్డులు

మొన్న ఆదివారం ఉదయం విశాఖపట్నంలో, అక్కయ్యపాలెంలోని ఒక ఇంట్లో జరిగిన వేగం పోటీలో నేను ఓడిపోయాను. ఒకే ఫైలు చదవడానికి అవతలి కార్డుకు పన్నెండు సెకన్లు పట్టింది. నాకు నూట రెండు.

నేను ఒక హార్డ్ డిస్క్ కంట్రోలర్ కార్డును. కంప్యూటర్ అడిగినదాన్ని డిస్కు నుంచి తెచ్చి ఇవ్వడం నా పని. 1986లో తైవాన్‌లో తయారయ్యాను. నా టంకాలు వేసినామె పేరు నాకు తెలియదు. ఒక్క టంకమూ ఇంతవరకు ఊడలేదు. మొదట రాజమండ్రిలో ఒక ముద్రణాలయంలో పనిచేశాను. అక్కడి గుమాస్తా వీర్రాజు వానాకాలంలో నన్ను బయటకు తీసి, పెన్సిల్ రబ్బరుతో నా అంచుకు పట్టిన మకిలి రుద్దేవాడు. కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా అతనికి తెలిసిన వైద్యం అదే. నాకు ప్రతిసారీ నయమయ్యేది.

ముద్రణాలయం మూతపడ్డాక ఆ కంప్యూటర్‌ను నాతో సహా మృత్యుంజయరావు గారు కొన్నారు. ఆయన షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యారు. పాత హోమ్ కంప్యూటర్లు బాగుచేయడం ఆయన సరదా. ఈమధ్య నా కంపెనీదే, నాకంటే కొత్త కార్డు ఒకటి దొరికింది. ముందు దానితో డిస్కును ఫార్మాట్ చేసి, స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచారు. తర్వాత అదే డిస్కుకు నన్ను తగిలించి కొలిచారు. పాత సామాన్లవాడి కోసం కట్టిన సంచిలో నన్ను వేశారు.

టీ వేళకు ఆయన మరదలు హైమవతి వచ్చింది. ఆమె ఒక బ్యాంకులో ప్రోగ్రాములు రాసేది. ఆమె దగ్గరా అలాంటి కంప్యూటరే ఉంది. కార్డు కాలిపోయి బీరువా మీద పడి ఉంది.

“ఏటి బావగారూ, దీన్ని సంచిలో వేసీసేరు?”

“ముసలిదైపోయిందే. నీలాగే నెమ్మది.”

“నా సంగతి తర్వాత. డిస్కు ఎవరు ఫార్మాట్ చేసేరు?”

“ఆ కొత్తది. డిస్కు మార్చకూడదు కదా, పోటీ అన్నాక.”

ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. “పెళ్లి పంక్తిలో కూర్చున్నారనుకోండి. మీరు పప్పన్నం తినీలోపే సాంబారు బకెట్ దాటిపోయింది. మళ్ళీ పంక్తంతా తిరిగొచ్చీదాకా ఖాళీ విస్తరి ముందు కూర్చోవాలి. తప్పు మీదా, వడ్డించినవాడిదా?”

డిస్కు మీద సమాచారం గదులుగా ఉంటుంది. తిరుగుతున్న డిస్కులో ఒక గది చదివి అప్పగించేలోపు నాకు రెండు గదులు దాటిపోతాయి. అవతలి కార్డుకు ఒకటే. ఫార్మాట్ చేసేటప్పుడు వరుస గదుల మధ్య ఎడం దానికి సరిపోయేలా పెట్టారు. అందుకని ప్రతి గదికీ నేను ఒక చుట్టు ఆగాల్సి వచ్చింది.

మృత్యుంజయరావు గారు నన్ను సంచిలోంచి బయటకు తీశారు. “మరి నేను కొలిచింది దీని వేగాన్ని కాదన్నమాట,” అన్నారు.

ఫైళ్ళు ఫ్లాపీల్లోకి తీసి, డిస్కును నా ఎడంతో మళ్ళీ ఫార్మాట్ చేశారు. ఈసారి పద్దెనిమిది సెకన్లు.

“అయినా ఆరు సెకన్లు వెనకే,” అన్నారాయన.

“ఆ ఆరు సెకన్లూ మిగిలితే మీరేం చేస్తారు? కొత్తది నాకివ్వండి. నాకు పనులున్నాయి.”

ఆయన నవ్వి ఇచ్చేశారు. వీధిలో సామాన్లవాడి కేక వినిపించింది. హైమవతి నా అంచును రబ్బరుతో రుద్ది ఆయన చేతికి అందించింది. ఇలా రబ్బరు పట్టిన ఇద్దరికీ నేను రుణపడ్డాను; మొదటివాడు రాజమండ్రి వీర్రాజు.

సంచిలో ఒక టేబుల్ ఫ్యాను, రెండు కీబోర్డులు వెళ్ళాయి. కంప్యూటర్ మూతకు నాలుగు స్క్రూలు బిగించారు. నేను లోపల ఉన్నాను.